రాయని అప్పులు

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పాను. అడ్మిషన్ల రోజుల్లో ఫీజు భయంతో తల వంచుకుని నిలబడ్డ ప్రతి అమ్మాయికీ ఒకే మాట చెప్పేదాన్ని. "నన్ను చూడు. ఇంటర్ నుంచి ఎం.ఏ. దాకా ఒక్క రూపాయి అప్పు లేకుండా చదువుకున్నాను. నువ్వూ చదువుకోగలవు." ధైర్యం చెప్పడానికే ఆ మాట అనేదాన్ని. అందులో కొంత గర్వం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. మన ఇళ్లల్లో అప్పు లేకపోవడాన్ని శీలం కింద లెక్కేస్తారు. అప్పు చేసి పప్పు కూడు తినేవాళ్లకు మర్యాద ఉండదు, పచ్చడి మెతుకులు తిని గుట్టుగా బతికేవాళ్లకు ఉంటుంది. నేను ఆ రెండో కోవకు చెందుతానని నమ్మాను.

రిటైరయ్యాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. పోయిన ఏడాది తెలిసినాయన ఒకరు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ అమ్మాయికి హైదరాబాదులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వచ్చింది. ర్యాంకు పదివేలు దాటింది. తెలంగాణలో పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థులకు మొత్తం ఫీజు ప్రభుత్వం కడుతుంది. దాటితే 35,000 రూపాయలే. మిగిలిన ఫీజూ హాస్టలూ కలిపి ఏడాదికి లక్షన్నర దాకా వాళ్లే పెట్టుకోవాలి. బ్యాంకు లోను తీసుకుంటే చదవొచ్చని అమ్మాయి అంటోంది. తండ్రి వద్దంటున్నాడు.

"పెద్దోనికి ఇప్పటికే లోన్ తీసినం మేడం. మళ్ల ఆడపిల్లకు గూడ అప్పు జేస్తే రేపు పెండ్లికి ఎవలిస్తరు? ఊళ్లె డిగ్రీ కాలేజి ఉన్నది. దోస్త్‌ల సీటొస్తది. అప్పు లేకుంట అయిపోతది."

నేను అలవాటుగా నా పాత మాట అందుకున్నాను. డిగ్రీ అయితే మాత్రం ఏం తక్కువ, నేనూ డిగ్రీయే చదివాను, ఒక్క రూపాయి అప్పు లేకుండా చదువుకున్నాను అన్నాను. అమ్మాయి శ్రద్ధగా విని అడిగింది. "మరి మీకు పైసలు ఎవరు కట్టిండ్రు మేడం?"

"మా అక్క," అన్నాను.

"అక్క ఏం చదువుకున్నది?"

"ఏడో తరగతి."

ఆ పిల్ల ఇంకేమీ అనలేదు. చాయ్ తాగి ఇద్దరూ వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు తలెత్తుకుని చెప్పిన మాటలో ఒక అబద్ధం ఉందని పద్దెనిమిదేళ్ల పిల్ల రెండు ప్రశ్నల్లో తేల్చేసింది.

మాది ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే ఊరు. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల్లో పుట్టిన వాళ్లకు ఆ ఊళ్ల వాసన చెప్పనక్కర్లేదు. ఇంటి ముందు అరుగు మీద చాట, చాటలో తంబాకు, పక్కన నానబెట్టిన తునికాకు. రేకు ముక్కను కొలతగా పెట్టి ఆకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టి మొన మడవాలి. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. వెయ్యి బీడీలు ఒక రోజు పని. 1974లో అక్కకు పదమూడేళ్లు. ఏడో తరగతి పాసైన ఆ ఎండాకాలంలోనే అమ్మ పక్కన చాట ముందు కూర్చుంది. మళ్లీ బడికి పోలేదు. నేను మూడో తరగతిలో ఉన్నాను. తమ్ముడు ఇంకా బడికి పోయే వయసు కాదు.

అక్క చేతి బీడీలు మొదట్లో అమ్మ కార్డు మీదే పడేవి. చిన్నపిల్ల పేరు మీద కార్ఖానాలో కార్డు ఇవ్వరు కదా. అక్కకు సొంత కార్డు వచ్చేసరికి పద్దెనిమిదేళ్లు. అంటే అయిదేళ్ల పాటు ఆమె చేసిన పని ఎక్కడా ఆమె పేరుతో లేదు. కార్ఖానా పుస్తకంలో అమ్మ ఒక్కతే ఇద్దరి పని చేసినట్టు ఉంటుంది.

నా చదువు ఖర్చు ఈ రోజుల లెక్కలో ఏమంత పెద్దది కాదు. ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు నామమాత్రం. కానీ బస్సు చార్జీ ఉండేది, పుస్తకాలుండేవి, యూనివర్సిటీకి వచ్చాక మెస్ బిల్లు ఉండేది. స్కాలర్‌షిప్పు ఏడాది చివర వచ్చేది, మెస్ బిల్లు నెలనెలా వచ్చేది. ఆ మధ్యకాలాన్ని పూడ్చింది అక్క. 1984లో పెళ్లయి పక్క వీధిలోకే కాపురానికి పోయింది. అక్కడా బీడీలే చుట్టింది. అత్తకు లెక్క చెప్పగా మిగిలినది, కొన్నిసార్లు చెప్పకుండా దాచినది, అమ్మ చేతికిచ్చి నాకు మనియార్డరు చేయించేది. ఇంటర్ నుంచి ఎం.ఏ. దాకా ఏడేళ్లు. రోజుకు వెయ్యి, నెలకు పాతిక రోజుల పని అనుకుంటే ఏడేళ్లలో 21 లక్షల బీడీలు. అవన్నీ నా కోసమే అనను. ఆ డబ్బుతో ఇల్లు గడిచింది, తమ్ముడి చదువూ నడిచింది. కానీ ఆ 21 లక్షల్లో ఒక్కటి కూడా తన కోసం చుట్టుకోలేదని మాత్రం చెప్పగలను.

నేను అప్పు చెయ్యలేదు. నిజమే. ఎందుకంటే నా బదులు అక్క కట్టింది. ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె సంతకం పెట్టలేదు, వడ్డీ ఇంతని ఎవరూ అనుకోలేదు. దాన్ని అప్పు అనకుండా ప్రేమ అన్నాం కాబట్టి తీర్చాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

వర్జీనియా వూల్ఫ్ 1938లో రాసిన 'త్రీ గినీస్'లో ఒక నిధి గురించి చెబుతుంది. థాకరే నవల 'పెండెన్నిస్'లో ఇంటి జమాఖర్చుల్లో ఆర్థర్ చదువు కోసం పక్కన పెట్టే సొమ్ము ఉంటుంది. వూల్ఫ్ ఆ పేరు పట్టుకుని, చదువుకున్న కుటుంబాల ఆడపిల్లలందరూ వందల ఏళ్లుగా ఆర్థర్ చదువు నిధికి చందా కడుతూనే ఉన్నారంటుంది. తమకు దక్కని చదువులు, తాము చూడని ఊళ్లు, తమకు లేని గది, అన్నీ ఆ నిధిలోకే పోయాయి. ఆ పుస్తకాన్ని నేను క్లాసులో ఎంతో ఉత్సాహంగా చెప్పేదాన్ని. ఇంగ్లండులో అన్నదమ్ముల కోసం కట్టించారు, మన దగ్గరా అంతే, అనేదాన్ని. మా ఇంట్లో ఆర్థర్‌ని నేనేనని నాకు తట్టలేదు. ఆడపిల్లను కాబట్టి నేను ఎప్పుడూ చందా కట్టే వైపే ఉంటానని అనుకున్నాను. కులంలో, వర్గంలో, పుట్టిన వరుసలో తేడాలుంటాయని స్త్రీవాద సభల్లో అంత వాదించినదాన్ని, ఒకే కడుపున పుట్టిన ఇద్దరు ఆడపిల్లల మధ్య ఒకరి వీపు మీద ఇంకొకరు ఎక్కవచ్చని చూడలేకపోయాను.

అప్పు మంచిదా చెడ్డదా అని మనం అడుగుతుంటాం. అంతకంటే ముందు అడగాల్సింది, ఏది అప్పు కింద లెక్కకొస్తుంది, ఎవరి పేరున రాస్తున్నారు అని. మన ఇళ్లల్లో ఈ లెక్క రాసే తీరు చాలా విచిత్రంగా ఉంటుంది. కొడుకు చదువుకు పెట్టింది పెట్టుబడి. దాన్ని అతని వాటాలోంచి ఎవరూ కోయరు. కూతురి చదువుకు పెట్టింది ఖర్చు. పక్కింటి చెట్టుకు నీళ్లు పోసినట్టు అనే సామెత అందుకే పుట్టింది. పెళ్లి సంబంధం నచ్చలేదంటే "ఇంత చదివించింది ఇందుకేనా" అని ఆ ఖర్చు బయటికి తీస్తారు. ఆస్తి పంపకాల దగ్గర "నీ చదువుకు పెట్టలేదా" అని ఇంకోసారి తీస్తారు. ఒకే డబ్బును ఆమె జీవితంలో ఎన్నిసార్లు వసూలు చేస్తారో లెక్క లేదు. అదే కుటుంబం ఆమె కట్నానికి అప్పు చెయ్యడానికి వెనకాడదు. కట్నం కోసం చేసిన అప్పు పరువు, చదువు కోసం చేసిన అప్పు ప్రమాదం.

బ్యాంకు అప్పును నేను పొగడబోవడం లేదు. విద్యారుణాల మాదిరి పథకం 2001లో వచ్చింది. చదువు నడిచినన్నాళ్లూ, ఆ తర్వాత ఒక ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు. 4 లక్షల దాకా హామీ అడగకూడదు. చాలా ప్రభుత్వ బ్యాంకులు అమ్మాయిలకు వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తల్లో తండ్రో కలిసి సంతకం పెట్టాలి. పెద్ద మొత్తానికి సాధారణంగా ఆస్తి తనఖా పెట్టాలి, ఆ ఆస్తి ఎవరి పేరున ఉంటుందో మనకు తెలుసు. పైగా లోను మీద ఉన్న అమ్మాయికి సంబంధాలు రావని భయం. పెళ్లయ్యాక ఆమె జీతంలోంచి వాయిదా పుట్టింటి అప్పుకు పోతుంటే అత్తింట్లో జరిగే రభస నా విద్యార్థినుల జీవితాల్లో కళ్లారా చూశాను. ఇన్ని ఉన్నా ఆ అప్పుకు ఒక గుణం ఉంది. దానికి మొత్తం ఉంది, తేదీ ఉంది, తీసుకున్నవాళ్ల పేరు ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా దానికి ముగింపు ఉంది. ఆఖరి వాయిదా కట్టాక బాకీ లేదని కాగితం ఇస్తారు. కుటుంబం ఏ కూతురికీ ఆ కాగితం ఇవ్వదు. ఏ అక్కా దాన్ని అందుకోదు కూడా.

ఈ ఆలోచనల్లో ఉండగానే ఇంటి పంపకం వచ్చింది. బాపు పోయి చాలా కాలమైంది, అమ్మ కూడా ఈమధ్యే పోయింది. ఊళ్లో ఇల్లు బాపు పేరు మీదుంది. తమ్ముడు చెడ్డవాడు కాదు. ఇల్లు తన పేరు మీదకు మార్చుకుంటే బ్యాంకు లోను తీసి బాగుచేసుకుంటానని, ఇద్దరక్కలూ హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాలని అడిగాడు. "నీకేం తక్కువక్కా, పింఛనొస్తది. నీ చదువుకు ఇంట్లకెళ్లే గదా పెట్టిండ్రు," అన్నాడు. అతని మాటలో కోపం లేదు, వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు.

చట్టం నాకు తెలుసు. తండ్రి స్వార్జితానికి వీలునామా లేకపోతే 1956 చట్టం నాటి నుంచీ కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఉంది. పిత్రార్జితంలో వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు, 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. తండ్రి అప్పటికే చనిపోయినా ఆ హక్కు చెల్లుతుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ ఆడపిల్లలకు సభలు పెట్టి చెప్పినదాన్నే. అయినా సంతకం పెట్టేద్దామనుకున్నాను. నాకు పింఛను ఉంది, సొంత ఫ్లాటు ఉంది. ఆ ఇంట్లో వాటా కోసం తమ్ముడితో ఏం గొడవ అనిపించింది. ఉదారంగా ఉండటంలో ఒక సుఖం ఉంటుంది, దాన్ని కూడా కాస్త కోరుకున్నానేమో. అదే మాట అక్కకు ఫోనులో చెప్పాను. అక్క బాకీ ఎలా తీర్చాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. "నీ మనుమరాలు డిగ్రీకొచ్చింది గద. దాని చదువంత నేను సూసుకుంట," అన్నాను.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. "మనుమరాలికి కడుత అంటున్నవ్, మంచిదే చెల్లె. దానికి నువ్వు చిన్నమ్మమ్మవు, కట్టు. గని నాకేది?"

నాకు నోట మాట రాలేదు.

"అమ్మ పీఎఫ్ పైసలు తోటి గద ఇంటికి స్లాబ్ ఏసింది. అమ్మ కార్డు మీద నా బీడీలు ఎన్ని పడ్డయో నీకెరుకేనా? నువ్వు సంతకం పెడితే తమ్ముడు నన్నేమంటడు? సదువుకున్న అక్కనే ఇడిసిపెట్టె, నీకేమాయె అంటడు. నీకు పింఛన్ ఉన్నది, నువ్వు ఇడుస్తవ్. నేనేం జూసి ఇడువాలె? నువ్వు గూడ ఇడువకు."

అక్కకు వచ్చేది బీడీ కార్మికుల పింఛను. తెలంగాణలో అది 2019లో నెలకు 2,016 రూపాయలైంది. నేను నెలకు తీసుకునే దాని పక్కన ఆ అంకె రాయడానికి సిగ్గేస్తుంది.

ఆమె మాటలు విన్నాక నాకు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, నా త్యాగం నా ఒక్కదానిది కాదు. ఉన్నవాళ్లు వదులుకుంటే లేనివాళ్లు అడగలేని స్థితి వస్తుంది. నా ఉదారత్వం అక్కను పిసినారిని చేసేది. రెండోది ఇంకా చేదుగా ఉంది. అప్పు తీర్చడానికి నేను ఎంచుకున్న దారిలో కూడా అక్క లేదు. ఆమె మనుమరాలికి కడితే ఆమెకు కట్టినట్టేనని అనుకున్నాను. ఆడమనిషికి ఇవ్వాల్సింది ఆమె పిల్లలకిస్తే చాలని మన సమాజం అనుకున్నట్టే నేనూ అనుకున్నాను. అక్క జీవితమంతా ఇంకొకరికి చేరే దారిగానే ఉంది. బాకీ తీర్చేటప్పుడు కూడా నేను ఆమెను దారిగానే చూశాను. "మరి నాకేది?" అని ఆమె అరవై ఏళ్లు దాటాక మొదటిసారి అడిగింది.

చదువు కోసం ఇంకొకరు పడిన కష్టాన్ని బాహాటంగా ఒప్పుకున్న మగవాడు ఒకరు నాకు గుర్తొస్తారు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో అంబేద్కర్ కొలంబియా వెళ్లారు. తిరిగొచ్చి పదేళ్లు సంస్థానంలో కొలువు చెయ్యాలన్నది షరతు. లండన్ చదువు మధ్యలో గడువు ముగిసి 1917లో వెనక్కి రావాల్సి వచ్చింది. 1920లో కూడబెట్టుకున్న డబ్బూ, మిత్రుడి దగ్గర తెచ్చిన అప్పూ కలుపుకుని మళ్లీ వెళ్లి చదువు పూర్తి చేశారు. ఈ అప్పులన్నీ చరిత్రలో ఉన్నాయి. వాటి వెనక ఇంట్లో రమాబాయి ఉంది. డబ్బు లేకుండా, మనుషుల తోడు లేకుండా, బిడ్డల్ని పోగొట్టుకుంటూ ఆమె నడిపిన సంసారం ఉంది. 1935లో ఆమె చనిపోయింది. తర్వాత పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని అంబేద్కర్ ఆమె జ్ఞాపకానికి అంకితం చేస్తూ, ఎవరూ అండ లేని రోజుల్లో తనతోపాటు బాధ పడటానికి ఆమె సిద్ధపడిన సంగతి అందులో రాశారు. దానివల్ల ఆమెకేం ఒరిగిందని అడగవచ్చు. చనిపోయిన మనిషికి ఏమీ ఒరగదు. కానీ రాయని అప్పును ఆయన పేరుతో సహా రాశారు. నా ఎం.ఫిల్. సిద్ధాంత గ్రంథం తీసి చూసుకున్నాను. కృతజ్ఞతల పేజీలో గైడు ఉన్నారు, లైబ్రేరియన్ ఉన్నారు, టైపు చేసిన వారున్నారు, "నా కుటుంబ సభ్యులు" ఉన్నారు. అక్క లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నా స్నేహితురాలొకామె అనే వేసింది. "ప్రేమతో చేసినదాన్ని అప్పు అంటే దాన్ని బజారుకెక్కించడం కాదా? అన్నిటికీ లెక్క కట్టే ఈ కాలంలో లెక్క లేని సంబంధం ఒక్కటైనా మిగలనీ." ఈ మాటలో నిజముంది. అక్క కూడా మొదట "అప్పేందే, నువ్వు నా చెల్లెవు గాదా" అనే అంది. కానీ లెక్క లేని సంబంధం అని మనం అంటున్నది నిజంగా లెక్క లేనిదేనా? తమ్ముడి దగ్గర లెక్క ఉంది, నా చదువు ఖర్చు అతనికి గుర్తుంది. తండ్రుల దగ్గర లెక్క ఉంది. లెక్క లేనిది పనిచేసిన ఆడవాళ్ల దగ్గరే. ఒక వైపు మాత్రమే లెక్క రాసే చోట, రెండో వైపును ప్రేమ అని పిలిచి ఊరుకోవడం ఆ ప్రేమకు మర్యాద కాదు.

ఈ లెక్క చాలా పాతది. బ్రాహ్మణుడు పుట్టుకతోనే మూడు రుణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. చదువుతో ఋషి రుణం, యజ్ఞంతో దేవ రుణం, సంతానంతో పితృ రుణం తీరతాయి. చదువు ఒక రుణమనే ఆలోచన నాకు నచ్చుతుంది. ముందు తరాల దగ్గర తీసుకున్నదాన్ని తర్వాతి తరాలకు అప్పజెప్పడం అందులో ఉంది. కానీ ఆ పద్దు పుస్తకం బ్రాహ్మణ పురుషుడిది. చదువే నిషేధించిన వాళ్లకు ఋషి రుణం ఎక్కడిది? పితృ రుణం తీర్చే కొడుకును కన్నది స్త్రీ, తీరింది మాత్రం అతని అప్పు. ఆమె ప్రసవం అతని ఖాతాలో జమ అయింది. అక్క బీడీలు ఇంకొకరి కార్డు మీద పడటం అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

మరి అప్పు లేని చదువు అసలు లేదా? ఉంది. అది ఇంట్లో ఉండదు, ప్రభుత్వ బడిలో ఉంటుంది. 2016లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో మహిళలకు ముప్పై డిగ్రీ కాలేజీలు తెరిచారు. అలాంటి చోట తిండీ, గదీ, పాఠం సమాజం ఖర్చుతో దొరుకుతాయి. అక్కడ చదివే పిల్లకు ఏ అక్కా బీడీలు చుట్టక్కర్లేదు. అందరి దగ్గరా పన్ను తీసుకుని అందరి పిల్లలకూ పెట్టడం ఒక్కటే, ఒక ఆడమనిషి వీపు మీద పడకుండా చదువు చెప్పించే పద్ధతి. ఫీజు రీయింబర్స్‌మెంటు 2008 తర్వాత ఎన్నో ఇళ్లల్లో మొదటి ఇంజనీరును తయారుచేసింది, కాదనను. కానీ అందులో ప్రభుత్వం కాలేజీ కట్టకుండా ప్రైవేటు కాలేజీకి బాకీ పడే పద్ధతి ఎంచుకుంది. బాకీ సకాలంలో తీరకపోతే కాలేజీ సర్టిఫికెట్లు బిగపట్టి కూర్చుంటుంది. 2025 నవంబరులో తెలంగాణలో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన పథకంలో ఈ డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు. తల్లి పేరు లెక్కలోకి రావడం మంచి విషయం. అయితే వాయిదా ఆలస్యమైనప్పుడు కాలేజీ ముందు నిలబడి సమాధానం చెప్పాల్సిందీ, మెళ్లో గొలుసు తీసివ్వాల్సిందీ, డ్వాక్రా గ్రూపులో అప్పు తీయాల్సిందీ ఆ తల్లే. ప్రభుత్వం పడిన బాకీ కూడా చివరికి ఆడవాళ్ల రాయని పద్దులోకే చేరుతుంది.

ఆ అమ్మాయి ఇంటికి నేనే వెళ్లాను. ముప్పై ఏళ్ల నా మాటను వెనక్కి తీసుకుంటున్నానని తండ్రి ముందే చెప్పాను. లోను తీసుకోమని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆ నిర్ణయం తన జీవితాన్ని పణంగా పెట్టేవాళ్లది. ఒక నోటు పుస్తకం తెమ్మన్నాను. "ఇందులో అన్న చదువుకు ఇప్పటిదాకా ఎంతైందో రాయండి. దాని పక్కన ఈమె చదువుకు ఎంతవుతుందో రాయండి. పెళ్లికి ఎంత అప్పు చెయ్యాలనుకుంటున్నారో అదీ రాయండి. అమ్మ గొలుసు కుదవ పెట్టారు కదా, అది ఎవరి కోసం పెట్టారో రాయండి. రాశాక ఎవరికి అప్పు చెయ్యొచ్చో ఎవరికి చెయ్యకూడదో మాట్లాడదాం." తండ్రి ఇబ్బందిగా నవ్వాడు. "ఇంట్ల మనుషుల నడుమ గివన్ని రాస్తరా మేడం?" అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న తల్లి, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని ఆమె, "రాయుండ్రి" అంది.

రాశారు. పెళ్లి అప్పుగా ఆయన అనుకున్న అంకె, నాలుగేళ్ల చదువుకు కావలసిన అంకె కంటే రెండింతలకు పైగా ఉంది. ఆ రెండు అంకెలూ ఒకే పేజీలో పక్కపక్కన ఉండటం ఆయన ఎప్పుడూ చూడలేదు. చాలాసేపు పుస్తకం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు రెండో సంవత్సరం ఇంజనీరింగులో ఉంది. లోను ఆమె పేరున ఉంది, తండ్రి సహ సంతకం ఉంది. ఆ అప్పు ఆమెకు బరువే. ఉద్యోగం వస్తుందో రాదోనన్న భయమూ ఉంది. నేను సాధించిన విజయంగా దీన్ని చెప్పుకోను. తను మోస్తున్న బరువు ఎంతో ఆమెకు తెలుసు, అంతే.

మా ఇంటి దస్తావేజు మీద నేను సంతకం పెట్టలేదు. అక్కా పెట్టలేదు. తమ్ముడు కొన్ని నెలలు మాతో మాట్లాడలేదు, ఈ సంక్రాంతికి మాట్లాడాడు. ఇల్లు ముగ్గురి పేరునా రాయించుకున్నాక నా వాటా అక్క పేరున రాసిచ్చాను. అక్క దాన్ని దానమనలేదు, నేనూ అనలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆమె బొటనవేలు కోసం ఇంకు డబ్బా ముందుకు జరిపారు. అక్క దాన్ని పక్కకు తోసి పెన్ను అడిగింది. ఏడో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలతో, మెల్లగా, తన పేరు మొత్తం రాసింది.